కుర్మన్న జొన్న పండిన తీరు

గద్వాల వెళ్ళినవాళ్ళు చీరలు తెచ్చుకుంటారు. నేను రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఫారాలే తెచ్చుకున్నాను. మొదటిసారి తెచ్చిన ఫారాల్లో ఒక మాట తప్పు పడింది. దాన్ని దిద్దడానికి రెండోసారి వెళ్ళాను. నాలుగు రోజులు పట్టింది. మాట మరీ పెద్దదేం కాదు, మూడక్షరాలు.

మాది కోనసీమ. ఎమ్మే తెలుగు చదివాను. ఎమ్మే తెలుగు చదివినవాడు దొరికిన ఉద్యోగం చేస్తాడు కాబట్టి, ఆ ఏడాది పంట నష్టాలు రాసుకొచ్చే ఒక ప్రైవేటు ఏజెన్సీలో చేరాను. నాకు పాలమూరు జిల్లా ఇచ్చారు. గాలివాన వెలిసిన వారానికి గద్వాల అవతల ఒక ఊరికి పంపారు. ఊరి పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

పని తేలికైనది. ఫారంలో 'పంట పండినదా?' అని ఉంటుంది. ఎదురుగా 'అవును', 'లేదు' అని రెండు గళ్ళు. రైతును అడగాలి, చేను చూడాలి, టిక్కు పెట్టాలి. ఆ రోజు చేలకు పోయే దారంతా నల్లరేగడి బురద. అందుకని పంచాయతీ ఆఫీసు అరుగు మీద కుర్చీ వేయించుకుని, మధ్యలో పనిని వదిలేసి అటూ ఇటూ ఉన్న రెండు పనులూ శ్రద్ధగా చేశాను.

కుర్మన్న అనే రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. "నాలుగెకరాలు పచ్చజొన్న సారూ. పండింది. మొత్తం పండింది" అన్నాడు. ముఖం వేలాడేసి అన్నాడు. పంట పండినా రైతు ముఖం అలాగే ఉంటుందని మా ట్రైనింగులో చెప్పారు. 'అవును' గడిలో టిక్కు పెట్టాను.

పదిహేను రోజుల తర్వాత హైదరాబాదులో, నేను తినే మెస్సుకు కాస్త ఆలస్యంగా వెళ్ళాను. గిన్నెలు తోముతున్న ఆమె తలెత్తి, "అన్నం ఒడిసింది సార్. వండే అన్న పండిండు" అంది.

"ఏం పండు?" అన్నాను, హాస్యం ఆడుతున్నాననుకుని.

"పండు గాదు సార్. పండిండు. లోపట మంచం మీద."

ఆమె నవ్వింది. నేనూ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. కుర్మన్న ముఖం గుర్తొచ్చింది. పడుకున్న మనిషి పండినవాడైతే, పడుకున్న జొన్న?

ఆ సాయంత్రమే నాగర్‌కర్నూల్‌లో ఉన్న మా సూపర్‌వైజరు శంకరయ్యకు ఫోన్ చేశాను. "పరిహారం లిస్టు సోమవారం సాయంత్రం పోతది. దిద్దుడు ఫారం మీద రైతు వేలిముద్ర నా ముందర పడాలె. మనిషిని పట్టుకొని రా" అన్నాడు. అది గురువారం. నాకు ఆ రాత్రి నిద్ర, మా వైపు నిద్రే లెండి, పట్టలేదు.

గద్వాల

శుక్రవారం తెల్లవారుజామున బస్సెక్కాను. బస్సు పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లిలో కుడికి తిరిగి గద్వాల చేరింది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. పక్క సీటాయన రాయచూరు మనిషి. దారి పొడవునా నాతో తెలుగులోనూ, ఫోన్లో కన్నడంలోనూ, కండక్టరుతో ఉర్దూలోనూ మాట్లాడాడు. ఒక భాషలోనే ఒక మాట తెలియక నూట ఇరవై మైళ్ళు వస్తున్న నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

బస్టాండు ఎదుట హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి పోపు పెట్టిన తిండి, పక్కన మిరపకాయ బజ్జీ, మొత్తం ఎనిమిది రూపాయలు. మా వైపు బొరుగుల్ని పిల్లలకు పొట్లం కట్టిస్తాం తప్ప పళ్ళెంలో పెట్టి మర్యాద చెయ్యం. తిన్నాక ఆ తేడా ఎందుకో అర్థం కాలేదు.

ఊరికి పోయే ఆటో నిండేదాకా కదలదు. ఒకచోట నిలబడలేక పక్కనున్న పాన్‌డబ్బా దగ్గరికి పోయాను. డబ్బా తాత ఆకుకు సున్నం రాస్తూ ఇంకెవరికో చెబుతున్నాడు: "సున్నం ఎక్కువేస్తే నోరు పండది బిడ్డా, కాల్తది."

ఈయన మాట తెలిసినవాడని, "తాతా, జొన్న పండింది అంటే ఏమిటర్థం?" అని అడిగాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "యాడ పండింది?"

"చేలో."

"నిలవడి పండిందా, పండి పండిందా?"

ఆ ప్రశ్న మా ఫారంలో లేదు.

నడిగడ్డలో ఒక చేను

కుర్మన్న ఇంటి ముందు ఆయన భార్య జమ్ములమ్మ చేటలో బుడ్డలు ఏరుతోంది. బుడ్డలంటే వేరుశనగ కాయలు. నన్ను గుర్తుపట్టింది. ఊరి జ్ఞాపకశక్తి గురించి ముందే చెప్పాను.

"ఆయన లేడు సారూ. నిన్న రాత్రే ఎద్దులను తోల్కపోయిండు. రేపు పెబ్బేరు సంత గద."

"అమ్మడానికా?"

"లిస్టుల పేరు రాలేదని సెప్పిరి. బుడ్డల ఇత్తనం కొనాలె గద యాసంగికి. ఎద్దులమ్మి ఇత్తనం తెస్తడట. తెచ్చినంక దేంతోని దున్నుతవయ్యా అంటే మాట్లాడడు."

నా బస్సు ఆ ఉదయం పెబ్బేరు మీదుగానే వచ్చింది. కృష్ణ వంతెన మీద ఎదురొచ్చిన ఎడ్లజతల్లో ఆయన జత కూడా ఉండి ఉంటుంది. ఎడ్లు చాలా అందంగా ఉన్నాయనుకున్నాను కూడా.

"చేను చూపిస్తారా అమ్మా?" అన్నాను.

చేను ఊరికి పావుగంట నడక. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

మనిషెత్తు పెరగాల్సిన జొన్న మోకాలెత్తున ఉంది. నాలుగెకరాలూ ఒకే వైపుకు ఒరిగి, జాతర నుంచి వచ్చి ఎక్కడివాళ్ళక్కడ పడిపోయిన జనంలా ఉంది. కంకులు నేలకు ఆనుకుని నల్లబడ్డాయి. కొన్ని కంకుల్లోంచి పచ్చగా మొలకలు వస్తున్నాయి. గింజ భూమిలోకి పోవాల్సిన పని లేకుండా అక్కడే మొలిచేసింది.

"సూడు సారూ, ఎట్ల పండిందో" అంది జమ్ములమ్మ. "గాలికి పండింది. పండితేంది, ఎండొస్తే లేస్తది అనుకుంటిమి. మల్ల వానొచ్చె. ఇగ లెవ్వలే."

నేను మాట గురించి చెప్పాను. మా వైపు పండిందంటే ధాన్యం చేతికొచ్చిందని అర్థమనీ, ఆయన అలా అంటే నేను ఇలా అనుకున్నాననీ.

"మా తాననూ గట్లనే అంటరు. చేతికొస్తే గూడ పండిందనే అంటరు."

"మరి ఏది ఎప్పుడో ఎలా తెలుస్తుంది?"

"సూస్తె తెల్వదా?" అంది. ఆ మాట మామూలుగానే అంది. తర్వాత, "ఎంతవరకు సదివినవు సారూ?" అని అడిగింది.

"ఎమ్మే. తెలుగే."

"గింత మాట సెప్పలేదా అండ్ల?"

"పెద్ద పెద్ద మాటలు చెప్పారమ్మా."

"గవి ఏం జేస్కుంటరు?"

నాలుగేళ్ళుగా మా నాన్న కూడా ఇదే అడుగుతున్నాడు. ఆమె ఇంటికి తీసుకెళ్ళి జొన్నరొట్టె, బుడ్డల కారం పెట్టింది. రొట్టె పాత జొన్నది. డబ్బాలో అడుగు కనిపిస్తోంది. మా కోనసీమలో అతిథి వద్దంటే బతిమాలతారు. ఇక్కడ అడగరు, పళ్ళెం ముందు పెట్టి పనిలోకి పోతారు. వద్దనడానికి మనిషి ఎదురుగా ఉండదు. రెండు రొట్టెలు తిన్నాను.

పెబ్బేరు సంత

శనివారం పొద్దున్నే వెనక్కి, మళ్ళీ కృష్ణ దాటి, పెబ్బేరు.

అన్ని ఎద్దుల్ని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు, నేలంతా పేడ, గాలంతా బీడీ పొగ. అమ్మేవాడు ఎద్దు మంచిదంటాడు, కొనేవాడు కాదంటాడు, ఎద్దు ఎవరివైపూ చూడదు. టీ మూడు రూపాయలు. గ్లాసు పూర్తయ్యేదాకా నిలబడే ఓపిక లేక సగం వదిలేసి, కుర్మన్న ఎర్ర తువ్వాలు గుర్తుతో వరసలు వరసలుగా వెతికాను. జిల్లాలో సగం మందికి ఎర్ర తువ్వాలే ఉంటుందని అప్పుడు గమనించాను.

పదకొండింటికి దొరికాడు. తెల్లటి జత పక్కన నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ఒక దలారీ చేతిలో ఉంది, రెండు చేతుల మీదా తువ్వాలు కప్పి ఉంది. పక్కన కర్నూలు వైపు నుంచి వచ్చిన కొనుగోలుదారు, తెల్లబట్టలాయన, ఆకాశంలోకి చూస్తున్నాడు. ఇక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. పక్కవాడికి వినబడకూడదని ఏర్పాటు. దలారీ ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో చూసి, బేరం తెగబోతోందని నాకు భయం వేసింది.

"కుర్మన్నా, అమ్మకండి" అన్నాను.

ఆయన తల తిప్పాడు. "మీరేంది సారూ గీడ?"

"మీ జొన్న పడుకుందని నాకిప్పుడు తెలిసింది."

"ఇయ్యాల తెల్సిందా?"

"మొన్న."

"మంచిగైంది" అన్నాడు. చెయ్యి మాత్రం తువ్వాలు కిందే ఉంది. దలారీ వేళ్ళు కదులుతున్నాయి. ఇక ఆగలేక, కుర్మన్న చేతిని బయటికి లాగుదామని నా చెయ్యి కూడా తువ్వాలు కిందికి పెట్టాను.

ఎవరిదో చెయ్యి నా మూడు వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

"సారు మూడు ఎక్కువ పెట్టిండు" అన్నాడు దలారీ.

ఆ సంతలో వేలంటే వేలే. మూడు వేలు ఎక్కువన్నమాట. నా జేబులో మూడు వందలు కూడా పూర్తిగా లేవు. నేను కొనేవాణ్ణి కాదనీ, ఎమ్మే తెలుగు అనీ చెప్పేలోపు తెల్లబట్టలాయన, "నడిమిట్ల ఇంకొకర్ని తెచ్చి రేటు పెంచుతారా? ఇదేం పద్ధతప్పా" అని తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో వరస చివర ఇంకో జతను కొనేశాడు. దలారీ నాకేసి చూసి, నా గురించి ఏదో ఒక మాట అన్నాడు. అది మాత్రం అన్ని జిల్లాల్లోనూ ఒకే అర్థమున్న మాట.

కుర్మన్న బీడీ ముట్టించాడు. సగం కాలాక అన్నాడు:

"సారూ, మొన్న పండిన నా జొన్నను మీరు నిలవెట్టిండ్రు. ఇయ్యాల నిలవడ్డ నా బేరాన్ని పండవెట్టిండ్రు."

నాగర్‌కర్నూల్ సంగతి, సోమవారం సాయంత్రం సంగతి, వేలిముద్ర సంగతి చెప్పాను. ఖర్చులు నావన్నాను.

"సోమారం పేరు ఎక్కకపోతే?"

"ఎక్కుతుంది."

"ఎక్కకపోతే అంటున్న. మల్ల సంత శనారం. అప్పటిదాక ఈటికి మేత యాడికెళ్ళి తేవాలె? సొప్ప గూడ జొన్నతోనే పాయె. బక్కవడ్డ ఎద్దుకు గీ రేటు వస్తదా?"

తల గీరుకున్నాను. ఎద్దుల్లో ఒకటి నా సంచి మూల నమలడం మొదలుపెట్టింది. లోపల దిద్దుడు ఫారం ఉంది. సంచి లాక్కున్నాను. కుర్మన్న మొదటిసారి నవ్వాడు.

"దానికి గూడ తెల్సింది, అండ్ల ఏముందో" అన్నాడు. "పా సారూ."

వియ్యంకుడి వాకిలి

ఎద్దులతో బస్సెక్కలేం. వనపర్తి రోడ్డు మీద ఒక ఊళ్ళో కుర్మన్న కూతుర్నిచ్చిన ఇల్లు ఉంది. ఎద్దులను అక్కడ కట్టేసి పోదామన్నాడు. నడిచాం. ఎద్దులు నాకంటే నిదానంగా నడుస్తాయి. నేను నాలుగడుగులు ముందుకు పోవడం, ఆగడం, వెనక్కి చూడటం. "గంత తొందర పడితే నాగర్‌కర్నూల్ దగ్గరకొస్తదా సారూ?" అన్నాడాయన. రాదు. అయినా కాళ్ళు వినలేదు.

ఊరు కనబడగానే ఆయన ఆగాడు. "సారూ, జర ఒక మాట. జొన్న పోయింది, ఎద్దులు అమ్మనీకి తెచ్చిన అని ఈడ అనొద్దు. బిడ్డను ఇచ్చిన ఇల్లు."

"మరి ఏమనాలి?"

ఆయన ఆలోచించాడు. "సారు వనపర్తి సూడనీకి వచ్చిండు, తోడొచ్చిన అంట."

వనపర్తి చూడటానికి జత ఎద్దుల్ని తోలుకుని వచ్చిన యాత్రికుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. వియ్యంకుడు బాలయ్య ఆ మాట విని, ఎద్దులకేసి చూసి, నాకేసి చూసి, "మంచిదే బావా, వనపర్తి సూడాలె" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. మా వైపు వియ్యంకులు ఇంటికొస్తే ఒకరి సంగతులు ఇంకొకరు మూడు రకాలుగా రాబడతారు. ఇక్కడ అడగకపోవడమే మర్యాద అని తెలుస్తూనే ఉంది. కానీ ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం నాకు అలవాటు లేక, వనపర్తిలో చూడాల్సినవి ఏమేమిటని రెండుసార్లు అడిగాను.

కుర్మన్న కూతురు పద్మ గడప దగ్గర నిలబడి తండ్రి ముఖం చూస్తోంది. ఏడో నెల. బాలయ్య భార్య నీళ్ళ చెంబు ఇస్తూ, "సూడన్నా నీ బిడ్డను. కడుపు పండింది, జర పండవే అంటే పండదు. నా మాట ఇనదు" అంది.

ఎమ్మేలో ఒక మాటకు రెండు అర్థాలు రాస్తే రెండు మార్కులు. ఆమె ఒక్క గుక్కలో రెండూ వాడేసి గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

అన్నంలోకి పుంటికూర పప్పు. మా గోంగూరే, పేరు వేరు. వాకిట్లో నాకు మంచం వేశారు. "సారూ, ఈడ పండుండ్రి" అన్నాడు బాలయ్య. పండాను గాని పండలేదు, ఏ అర్థంలోనూ.

పొద్దున మేం బయలుదేరుతుంటే బాలయ్య ఎద్దుల ముందు సొప్ప వేస్తున్నాడు. మోపు పెద్దది. తలెత్తకుండానే అన్నాడు: "వనపర్తి సూసేటందుకు ఎన్ని దినాలైనా పడుతది బావా. ఎద్దులు ఈడనే ఉండనీ. మా సొప్ప నిలవడే పండింది."

కుర్మన్న తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

వనపర్తి

చెప్పిన అబద్ధం నిజం చేద్దామని ఆదివారం వనపర్తి చూశాం. చూడటానికి సమయం కూడా దొరికింది, ఎందుకంటే మేం ఎక్కాల్సిన బస్సు మా కళ్ళముందే పోయింది. నేను వెనక పరిగెత్తాను. కుర్మన్న పరిగెత్తలేదు. ఇద్దరం ఒకే చోట మిగిలాం.

సంస్థానం నాటి భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ ఉంది. గేటు బయటి నుంచి చూసి కుర్మన్న, "గింత ఇంట్ల ఎంతమంది పండుతుండిరో" అన్నాడు. రాజులు పడుకునేవారు కాదేమో అన్నాను. "పండకుంటే గన్ని అర్రలెందుకు?" అన్నాడు. అర్రలంటే గదులు. చరిత్ర చదివినవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

బస్టాండులో ఒకామె గంపలో సీతాఫలాలు అమ్ముతోంది. పది రూపాయలకు ఎనిమిది. నేను ఒకటి నొక్కి చూశాను.

"నొక్కకు అన్నా. నాలుగు దినాలు గడ్డిల పండవెట్టిన. పండినయి."

పడుకోబెడితే పండాయి. నేను కుర్మన్న ముఖం చూశాను.

"పండు పండితే పండుతది సారూ" అన్నాడు గింజ ఉమ్మి. "జొన్న పండితే కుళ్తది. గంతే తేడా."

రెండు గంటల తర్వాత వచ్చిన బస్సు బిజినేపల్లి దగ్గర టైరు గాలి దిగి ఇంకో గంట ఆగింది. నేను రోడ్డు మీద పచార్లు చేశాను. రేపు సాయంత్రం, రేపు సాయంత్రం అని లోపల గడియారం కొట్టుకుంటోంది. కుర్మన్న సీట్లోనే కూర్చుని, పక్కామెతో ఆ ఏడు ఏ ఊళ్ళో ఏ పంట ఏమైందో మాట్లాడుతున్నాడు. ఆమె ప్రతి ఊరికీ "పండిందా?" అని అడిగింది. ఆయన ప్రతి ఊరికీ చెయ్యి ఆడించి చెప్పాడు. అరచెయ్యి పైకి లేస్తే ఒక అర్థం, అడ్డంగా పడితే ఒక అర్థం. ఆ రోజు అరుగు మీద కూడా ఆయన చెయ్యి అడ్డంగానే పడి ఉంటుంది. నేను ఫారంలోకి చూస్తున్నాను.

నాగర్‌కర్నూల్

రాత్రి బస్టాండులో గడిపి, సోమవారం పదింటికి మా ఏజెన్సీ ఆఫీసు ముందున్నాం. రెండు గదుల అద్దె ఇల్లు, బయట తాళం. పదిన్నరకు వస్తాడన్న శంకరయ్య పన్నెండింటికి వచ్చాడు. ఆ గంటన్నరలో నేను వీధి చివరిదాకా ఎన్నిసార్లు నడిచానో ఎదురింటి వాళ్ళు లెక్కపెట్టి ఉంటారు.

శంకరయ్య ఇక్కడివాడే. నోటితో పాలమూరు మాట్లాడతాడు, పెన్నుతో గ్రాంథికం రాస్తాడు. నా కథ సగంలోనే అతనికి అర్థమై, బల్ల మీద చెయ్యేసి కొట్టి నవ్వాడు. "అన్నా, పండిందంటే నువ్వు నిజంగనే పండిందనుకున్నవా?" తర్వాత కుర్మన్నను కూర్చోమని, టీ తెప్పించి, ఫారం ముందేసుకున్నాడు. మూల ఇంకా తడిగా ఉంది. ఎద్దు అన్నాను. ఏమీ అడగకుండా తుడిచాడు.

'పంట స్థితి' అన్న చోట రాసి చదివాడు: "గాలివానకు పూర్తిగా నేలకొరిగినది."

"అంటే ఏంది సార్?" అన్నాడు కుర్మన్న.

"పండింది అని."

కుర్మన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మల్ల గదేనా? గా మాట మీద నేను ముద్ర వెయ్య."

ఆయనకు నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది. 'నేలకొరుగు' అంటే ఇంకే అర్థమూ లేదని ఎమ్మే తెలుగు వాణ్ణి నేను హామీ ఇచ్చాను. ఆయన నన్ను చూసి శంకరయ్యను చూసి, "మీరు సెప్పుండ్రి సార్" అన్నాడు. శంకరయ్య హామీ ఇచ్చాడు. అప్పుడు సరేనన్నాడు.

కింద ఇంకో గడి ఉంది. 'మొదటి నమోదు తప్పు కావడానికి కారణం.' అది నేను రాసి సంతకం పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే పేరు ఎక్కదు.

"గిది పెద్ద సంగతి గాదు," అన్నాడు శంకరయ్య. "మాండలిక భేదం వలన అని రాయి. పైనోళ్ళకు గూడ నచ్చుతది. నీకేం గాదు."

నాకూ నచ్చింది. నాలుగు రోజులుగా నేను వెతుకుతున్న మాట అదే అనిపించింది. గౌరవంగా ఉంది, చదువుకున్నట్టు ఉంది. పాన్‌డబ్బా తాత, సీతాఫలాలామె, బాలయ్య భార్య, అందరూ దానికి సాక్ష్యం ఉన్నారు. పెన్ను తీశాను.

"ఏం రాస్తుండ్రు సార్?" అన్నాడు కుర్మన్న.

శంకరయ్య విడమరిచి చెప్పాడు. "నీ మాట సారుకు సమజ్ కాలేదు, గందుకే తప్పు పడ్డది అని."

కుర్మన్న కాసేపు ఫారం వైపు చూశాడు. కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు: "అంటే తప్పు నా మాటదా సార్? నా మాట సక్కగనే ఉండె గద."

శంకరయ్య కిటికీలోంచి చూస్తున్నాడు. నేను పెన్ను పట్టుకుని, ఆ మాటలో తప్పెక్కడుందో ఇంకోసారి వెతికాను. దొరకలేదు. రాశాను: 'సర్వే రోజు నేను చేను దగ్గరకు పోలేదు. ఊళ్ళో కూర్చుని నింపాను.'

శంకరయ్య చదివి, గొంతు తగ్గించాడు. "గిది పైకి పోతే నీ నెల జీతం ఆగుతది. వచ్చే సర్వేకు పిలవరు. తెలుసా?"

"తెలుసు."

"మల్ల సోచాయించు. వేరే ఫారం ఇస్త."

"ఇది దొరకడానికే ఎద్దు నోట్లోంచి లాక్కోవాల్సి వచ్చింది" అన్నాను. సంతకం పెట్టాను. సంతకం ఎప్పటికంటే అందంగానే వచ్చింది.

కుర్మన్నకు చదువు రాదు కాబట్టి శంకరయ్య ఆ రెండు వాక్యాలు పైకి చదివి వినిపించాడు. కుర్మన్న తల ఊపాడు. బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద నిదానంగా పెట్టి, అటూ ఇటూ దొర్లించి తీశాడు. లిస్టు చివర పేరు ఎక్కింది. శంకరయ్య కవరు అంటించాడు.

బయటికొచ్చాక నేనే అన్నాను, "ఆ రోజు నేను చేనుకు రాలేదని మీకు ఇవాళే తెలిసి ఉంటుంది. క్షమించండి."

"గా దినమే ఎర్క సారూ" అన్నాడు. "చేను బాటంత బురదనే ఉండె. మీ చెప్పులు తళతళ మెరుస్తుండె."

మూడు రోజులు ఈ మనిషి నాతో నడిచాడు, తిన్నాడు, బస్సుల్లో కూర్చున్నాడు. "మరి ఒక్కసారైనా అనలేదేం?"

"మీరు మాట మాట అనుకుంట తిరుగుతుంటిరి. యాడికి పోతరో సూద్దామని."

వనపర్తి బస్సు వచ్చింది. ఆయన సిరా వేలిని జుట్టుకు రాసుకుని, తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. "ఎద్దులు మంది ఇంట్ల ఉన్నయి. పోవాలె" అన్నాడు. ఫుట్‌బోర్డు మీద నిలబడి, "మల్లొచ్చినప్పుడు సక్కగ చేనుకే రాండ్రి. ఇంటికాడ ఎవరుండరు" అని లోపలికి వెళ్ళిపోయాడు.